అభిజిత్ లగ్నంలో గో-లైవ్

శుభవార్త ఉదయం పదకొండు గంటలకొచ్చింది. ‘ఇంటిగ్రేషన్ సక్సెస్‌ఫుల్’ అని తెరమీద పచ్చటి అక్షరాలు వెలిగాయి. ప్రొద్దుటూరులోని సుభూమి సోలార్ ఆఫీసు చప్పట్లతో మోగింది. ఎవరో మైసూర్‌పాక్ పెట్టె విప్పారు.

కుసుమ మాత్రం తన ముక్కను కాగితంలో చుట్టి పక్కన పెట్టింది.

ఆఫీసులో అందరికీ ఆమె సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అసలు సంగతి, నిఘా విభాగం ఏజెంటు. లింగాల గుట్టల కింది ఖనిజం మీద కన్నేసిన విదేశీ ముఠా ఒకటి సోలార్ ముసుగులో అక్కడి పొలాలను లీజుకు రాయించుకుంటోంది. పులివెందుల క్యాంపులో రాసుకున్న రైతుల వివరాలన్నీ సీఆర్ఎమ్‌లో, అంటే కస్టమర్ల చిట్టా దాచే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. దానికి ఈ-సిగ్నేచర్, అంటే ఫోన్‌లోనే సంతకం పెట్టించే ఏర్పాటు తగిలిస్తే చాలు, ఒక్క బటన్‌తో రెండు వందల పద్నాలుగు మందికి అగ్రిమెంట్లు వెళ్తాయి. ఫోన్‌కొచ్చిన ఓటీపీ కొడితే సంతకం పడ్డట్టే.

ముఠా నమ్మకం సంపాదించడానికి ఆ తగిలించే పని కుసుమే చేసింది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని విభాగం వాళ్ళు లింగాలలో ముందే చాటింపు వేయించారు కదా అన్న ధైర్యం. ఆ ఊరు ఆమె అత్తగారి ఊరు. పెళ్ళై ఇరవై రెండు రోజులే. జమ్మలమడుగులోని అద్దె గదిలో పొద్దున్నే మొగుడు యువరాజ్ కట్టిచ్చే క్యారియర్‌లో, బొరుగుల ఉగ్గాని మీద రోజూ ఒక బజ్జీ ఎక్కువ ఉంటుంది. ఆ ఒక్క బజ్జీకే దినమంతా మనసు గాల్లో తేలేది. ఈ రోజు తేలలేదు.

గో-లైవ్, అంటే అసలు బటన్ నొక్కడం, పన్నెండింటికి. కొత్త సాఫ్ట్‌వేర్‌కు కొబ్బరికాయ కొట్టకుండా బటన్ నొక్కడానికి మేనేజరు ససేమిరా ఒప్పుకోలేదు. అభిజిత్ లగ్నం పెట్టించి పురోహితుణ్ణి పిలిపించాడు.

పురోహితుడు కుసుమ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. “అమ్మా, చీనీకాయలు దిగినాయా?”

“దిగినాయి స్వామీ. రసం లేదు.”

కోడ్ కలిసింది. పురోహితుడి వేషంలో ఉన్నది నిఘా విభాగం చీఫ్ గురురాజారావు. “నీరజ మన మనిషేనని ముందే చెప్పినాను కదా. ఆమె చెప్పినట్టే చెయ్యి” అని గొణిగి పీట వేయించాడు.

బయటికి నీరజ బెంగుళూరు కన్సల్టెంటు. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. ఆమె నడిచొస్తుంటే మేనేజరు లేచి నిలబడేవాడు.

“డూప్లికేట్ రూల్ ఆఫ్‌లోనే ఉంది కదా?”

“ఉంది మేడమ్.”

ఒకే ఫోన్ నంబరు మీద ఎందరున్నా అందరినీ ఆ నంబరు సొంతదారు పేరున ఒకే మనిషిగా కలిపేసే రూల్ అది. ఎందుకు ఆపమందో కుసుమ అడగలేదు. నంబర్లు ఆమె తెరమీద చుక్కలుగానే కనిపించేవి.

రైతుల చిట్టాలోని నారాయణస్వామి పేరు మీద కుసుమ టెస్ట్ మెసేజ్ పంపింది.

నీరజ హ్యాండ్‌బ్యాగులోంచి “మ్యాఁ” అని గొర్రె అరిచింది.

కుసుమ బ్యాగు వైపు ఓరగా చూసింది. ఖాజాబీ పేరు మీద ఇంకోటి పంపింది. మళ్ళీ “మ్యాఁ”.

“నా మెసేజ్ టోన్. క్యూట్ కదా?” నీరజ నవ్వింది.

ఆ గొర్రెను కుసుమ ఎరుగును. యువరాజ్ వాళ్ళవ్వ గంగులమ్మది. దాని అరుపును అవ్వ ఫోన్‌లో పెట్టింది యువరాజే. ఊళ్ళో సిగ్నల్ అందదు. గుట్టమీద గొర్రెలు మేపే అవ్వకే అందుతుంది. అందుకే గ్యాసుకైనా, రేషనుకైనా ఊరంతా అవ్వ నంబరే రాయిస్తుంది. క్యాంపులోనూ అదే చేశారు. రెండు వందల పద్నాలుగు సంతకాలు ఒక్క ఫోన్‌లో!

పోయిన ఆదివారం లింగాలకు పోయినప్పుడే అవ్వ చెప్పింది. “ఎవురో పట్నం పాప రిపేరీ చేపిచ్చుకోనొస్తానని నా ఫోను ఎత్తకపోయిందమ్మా.” వస్తాదిలే అవ్వా అని కుసుమ నవ్వేసింది.

“స్వామీ, కాయ కుళ్ళినట్టుంది” అంది గట్టిగా. మన మనిషి చెడిపోయిందనడానికి కోడ్.

గురురాజారావు కనురెప్ప కూడా ఆడించలేదు. “అయితే ఇంకో పన్నెండు నామాలు చదవాల.”

“స్వామీ, టైమ్!” నీరజ వాచీ చూసుకుంది.

“ముహూర్తం నాది తల్లీ, నీది కాదు. ఏమ్మా కొత్త పెళ్ళికూతురా, ల్యాప్‌టాప్‌కు పసుపూ కుంకుమా పెట్టు.”

కుసుమ వంగింది. ఒక్కో మీటకూ బొట్టు పెడుతూ సెట్టింగ్స్ తెరిచింది. డూప్లికేట్ రూల్ ఆన్ చేసింది. ‘రెండు వందల పద్నాలుగు రికార్డులు కలపాలా?’ అని తెర అడిగింది.

నడుముకు చల్లగా లిప్‌స్టిక్ ఒకటి తగిలింది. పూత పూసేది కాదు, తూటా పేల్చేది.

“చెయ్యి తియ్యి” అంది నీరజ చెవిలో. “ముసలామెకు కొత్త ఫోన్ కొనిస్తాలే.”

“దాంట్లో గొర్రె ఉంటాదా?”

కుసుమ ఎంటర్ మీద ఆఖరి బొట్టు పెట్టింది. గురురాజారావు కొబ్బరికాయ విసిరాడు. పీట మీద కాదు, నీరజ మణికట్టు మీద. లిప్‌స్టిక్ పేలి తూటా పైకప్పులో దిగింది. సరిగ్గా పన్నెండు. బెదిరిన మేనేజరు చెయ్యి బటన్ మీద పడింది.

“మ్యాఁ.”

ఒక్కటే అరుపు. రెండు వందల పద్నాలుగు మంది ఒక్క గంగులమ్మైపోయారు. తెరమీద ఎర్రటి అక్షరాలొచ్చాయి: ‘సంతకందారు పేరున భూమి లేదు. అగ్రిమెంట్లు రద్దు.’ అవ్వకున్నవి నలభై గొర్రెలే.

నీరజనూ మేనేజరునూ జీపెక్కించాక చీఫ్ కుసుమ భుజం తట్టాడు. కుసుమ తలెత్తలేదు. “అడక్కుండా రూల్ ఆపింది నేనే సార్. ఊరు శానా కొద్దిలో తప్పించుకునింది.”

“ఆమె మాట వినమన్నది నేను. రేపేం చేద్దామని?”

నీరజ బ్యాగులోంచి తీసిన అవ్వ ఫోన్ కుసుమ చేతిలో నీరసంగా వెలుగుతోంది.

“రేపు లీవ్ సార్. యువరాజ్, నేనూ పొద్దున ఏడు గంటల పులివెందుల బస్సుకు లింగాల పోతాండాం. ఇంటింటికీ ఎవరి నంబరు వాళ్ళకు రాయించాల. అంతకుముందు చార్జర్ ఉంటే ఇయ్యండి సార్, గొర్రె చచ్చిపోయేట్టుంది.”