పాచినోటి ఇంజన్

ఆదివారం మా షెడ్డుకి సెలవు. సెలవంటే పేరుకే. వారమంతా ఊళ్ళోవాళ్ళ కార్లకి చాకిరీ, ఆ ఒక్కరోజూ మా తమ్ముడి కారుకి చాకిరీ. ఆ రోజు పొద్దుట్నుంచీ ఒకటే ముసురు. షట్టరు సగానికి దించి, నేల మీద రంపప్పొట్టు చల్లి ఊడ్చాను. పానాలన్నీ తుడిచి గోడకి వరసగా తగిలించాను. నాకు శుభ్రం పిచ్చి. మెకానిక్కువి, నీకు శుభ్రమేంటే అని మా ఆయన వెక్కిరిస్తాడు. గ్రీజు మురికని ఎవరన్నారండీ? సబ్బు రాస్తే పోతుంది. కుళ్ళింది, చీము పట్టింది, ఒకరి నోట్లోంచి వచ్చింది... అలాంటివంటేనే నాకు రోత.

మా తమ్ముణ్ణి చిన్నోడంటాం. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే. ముక్కు తుడిచి, తల దువ్వి, బడికి తోలింది నేనే. ఇప్పుడు మీసాలొచ్చి కార్ల పందేలంటూ తిరుగుతున్నాడు. నా కంటికి మాత్రం ఇంకా ముక్కు తుడవాల్సినవాడే. మర్నాడు పొద్దున్నే ఊరవతల ట్రాకు మీద వాడికి పరీక్ష. అందులో నెగ్గితే ఓ రేసు జట్టు వాణ్ణి డ్రైవరుగా తీసుకుంటుంది. వాడిదేమో ఆయాసపడే పాత డీజిల్ కారు. అందుకని దానికి టర్బో పెట్టాం.

టర్బో అంటే బ్రహ్మవిద్యేం కాదు. పొగ బయటికి పోయే దారిలో ఓ చిన్న చక్రం. పొగ తోపుకి అది గిర్రున తిరిగి, రెండోవైపు నుంచి గాలిని లాగి ఇంజన్లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండుతుంది, ఇంజన్‌కి బలం వస్తుంది. తుక్కు కొట్టు బాబాయి దగ్గర, ఏదో గుద్దుకున్న కారుది, పాత టర్బో పట్టుకొచ్చాడు చిన్నోడు. నేనే దాన్ని డీజిల్లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది రుద్ది బిగించాను.

బిగించిన దగ్గర్నుంచీ కారు లేడిపిల్లే. చిన్నోడు మాత్రం వాడిపోయాడు. తిండి సయించదంటాడు. ఇంటికి రావడం మానేసి కార్లోనే పడుకుంటున్నాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. అదీ పోనీ, పరీక్ష బెంగ అనుకోవచ్చు. వేలికి నూనె చుక్క అంటితే మాటిమాటికీ సబ్బు రుద్దుకునే పిల్లాడు, ఇప్పుడు దగ్గరికొస్తే నోరు కంపు. పాచి కంపు. "పళ్ళు తోముకుని చావరా" అని తిడితే నవ్వేవాడు. పెదాలు బిగించుకుని నవ్వేవాడు.

సాయంత్రం కావస్తుండగా వాన చప్పుట్లోంచి ఆ ఈల వినిపించింది. టర్బో తిరిగితే సన్నగా ఈల వేస్తుంది, అది మాకు కొత్త కాదు. దీని ఈల చివర మాత్రం ఒక తడి చప్పుడుండేది... ముసలాళ్ళు నిద్రలో గుటక వేసినట్టు. షట్టరు ఎత్తాను. కారు లోపలికొచ్చి ఆగింది.

"అక్కా, బలం తగ్గిందే. డబ్బా నిండినట్టుంది, చూడు."

డబ్బా సంగతి చెప్పాలి. ఇంజన్ కడుపులోంచి నూనె ఆవిరి వస్తుంటుంది. అది మళ్ళీ గాలితో కలిసి లోపలికి పోకుండా, పక్కన చిన్న డబ్బా పెట్టి అందులోకి పట్టిస్తాం. మామూలుగా అందులో టీ నీళ్ళలాంటిది ఓ గుక్కెడు చేరుతుంది. ఎప్పుడో ఓసారి ఒంపేస్తే సరిపోతుంది.

"మొన్ననే కదరా పెట్టాం! అప్పుడే నిండటమేంటి?" అన్నాను. బానెట్లో చెయ్యి పెట్టేముందు తాళం లాక్కుని నా జేబులో వేసుకోవడం నాకలవాటు. ఆ రోజూ వేసుకున్నాను. డబ్బా ఊడదీసి బల్ల మీద పెట్టి మూత తిప్పాను.

ముందు వాసన వచ్చింది. నూనెదీ కాదు, పొగదీ కాదు. రాత్రంతా మూసి ఉన్న నోరు మన మొహం మీద ఆవులిస్తే వచ్చే వాసన. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వంగి చూశాను. డబ్బా నిండా పచ్చటి కొవ్వు. గడ్డకట్టి, పైన మీగడలా ముడతలు పడి ఉంది. స్క్రూ డ్రైవరుతో కదిపాను. జిగటగా సాగింది. దాన్తోపాటు వెంట్రుకలు... పొడుగ్గా, తెల్లగా. ఇంకాస్త కదిపితే అడుగున ఏదో టక్కుమంది. పైకి తీశాను.

పన్ను. వేర్లతో సహా.

డోకొచ్చింది. మధ్యాహ్నం తిన్నదంతా తూములో కక్కేశాను. నోరు తుడుచుకుంటుంటే తట్టింది. ఇది వాడిదేమో! పెదాలు బిగించి నవ్వేది ఇందుకేనేమో!

చిన్నోడు కారుకి ఆనుకుని వాన చూస్తున్నాడు. వాడికి వినపడకుండా షట్టరు దగ్గరికెళ్ళి తుక్కు కొట్టు బాబాయికి ఫోన్ చేశాను.

"బాబాయ్, ఆ టర్బో ఎవరి కారుది?" గొంతు తగ్గించి అడిగాను.



"ఏమ్మా... మళ్ళీ ఏమన్నా వచ్చిందా?"

"మళ్ళీ ఏంటి, మళ్ళీ?"

"నేనూ కడిగానమ్మా. ఎన్నిసార్లు కడిగినా ఏదో ఒకటి వస్తానే ఉంది. నీ చేతి శుభ్రానికి పోద్దేమో అనుకున్నా."

"ఎవరి కారు బాబాయ్?"

"ఎవరో ముసలాయన. ఒంటరివాడు. బండి పల్లంలో పడి, ఇంజన్ వచ్చి ఒళ్ళో కూర్చుందట. కొన్నాళ్ళదాకా ఎవరూ చూసుకోలేదు. మనుషులు వెళ్ళేసరికి ఇంజన్ ఇంకా నడుస్తోందట తల్లీ. డీజిల్ ట్యాంకు పగిలిపోయి ఉంది, అందులో చుక్క లేదు. అయినా నడుస్తోంది. లోపల మనిషి మాత్రం... తోలూ ఎముకలే. దేనితో నడిచిందో నన్నడక్కు."

అడగక్కర్లేదు. డీజిల్ ఇంజన్‌కి డీజిలే కావాలని లేదు. మండే కొవ్వు ఏదైనా దానికి పనికొస్తుంది. ఆ మాట మాలో ఎవర్నడిగినా చెప్తారు. నా కళ్ళ ముందు చిన్నోడి చొక్కా మెదిలింది. వెనక్కి తిరిగాను.

వాడు బల్ల దగ్గరున్నాడు. డబ్బాలో వేలు ముంచి నాకుతున్నాడు.

"ఛీ! ఉమ్మెయ్! ఉమ్మెయ్ రా వెధవా!"

"పారబొయ్యకక్కా." కళ్ళు అరమోడ్చి, చప్పరిస్తూ అన్నాడు. "బయటికి పోతోంది కాబట్టే బలం తగ్గింది. డబ్బా తీసేసి గొట్టం మళ్ళీ లోపలికి కలిపెయ్. ఎక్కడిదక్కడికి పోతుంది."

"టర్బో ఇప్పుడే పీకేస్తున్నా. పరీక్ష లేదు, గాడిదగుడ్డూ లేదు. నువ్వు ఇంటికి పద."

"రేపొక్కరోజే అక్కా..."

చెయ్యి పట్టుకుని లాగబోయాను. విదిలించుకుని కార్లో కూర్చున్నాడు. తలుపులు టపటపా పడిపోయాయి. తాళం నా జేబులోనే ఉంది. చేత్తో తడిమి చూసుకున్నాను కూడా.

ఇంజన్ స్టార్టయింది.

అద్దం మీద గుద్దాను. వాడు నా వైపు చూడలేదు. బానెట్ ఇంకా తెరిచే ఉంది. పరిగెత్తుకెళ్ళి డీజిల్ గొట్టం పీకేశాను. డీజిల్ నేల మీదికి కారిపోయింది. ఇంజన్ ఆగలేదు. ఆగకపోగా గొంతు పెంచింది. ఈల... దాని చివర గుటక. ఈల... గుటక. బానెట్ కింది సందులోంచి చిన్నోడి మొహం కనిపిస్తోంది. ఒక్కో గుటకకీ వాడి బుగ్గలు లోపలికి పోతున్నాయి. మెడ సన్నబడుతోంది. వాడు ఏడుస్తున్నాడు, స్టీరింగు మాత్రం వదలడం లేదు.

ఇలా ఇంజన్ అదుపు తప్పితే చేసేది ఒక్కటే. దాని ఊపిరి ఆపాలి. గాలి పీల్చే గొట్టం మూతి మూసెయ్యాలి. ఫిల్టరు పీకి అవతల పారేసి, గుడ్డపీలికలన్నీ ఉండచుట్టి కుక్కాను. ఒక్క పీల్పుతో మింగేసింది. ఇంకో గుడ్డ కుక్కాను. అదీ పోయింది. అడ్డంగా పెట్టడానికి చెక్క కోసం చూశాను. ఉన్నదల్లా గోడవారనుంది. అక్కడిదాకా పోయొచ్చేసరికి నా తమ్ముడు ఉండడు.

అరచెయ్యి పెట్టేశాను.

చెయ్యి పెట్టకూడదని అందరికీ చెప్పేదాన్ని నేనే. ఎముకలు విరిగిపోతాయేమోనన్నంత గట్టిగా లాగింది. రెండో చెయ్యి దాని మీద వేసి, ఒంటి బరువంతా మోపి నొక్కాను. ఇంజన్ దగ్గింది. కారంతా వణికింది. అప్పుడు నా అరచేతికి ఏదో తగిలింది. గొట్టం లోపల్నుంచి... వెచ్చగా. తడిగా. మెత్తగా.

అది నా చేతిని నాకుతోంది.

వేళ్ళ సందుల్లోంచి జొల్లు కారి మోచేతి దాకా వచ్చింది. అరుస్తూనే ఉన్నాను, చెయ్యి మాత్రం తియ్యలేదు. నాకింది. నాకింది. చివరికి ఓ పెద్ద ఎక్కిలి వచ్చినట్టై ఇంజన్ ఆగిపోయింది. షెడ్డులో వాన చప్పుడొక్కటే మిగిలింది.

తలుపు తెరుచుకుంది. చిన్నోడు పక్కకి ఒరిగిపోయాడు. చంకల కింద చేతులు వేసి బయటికి లాగాను. బరువే లేడు. కుళాయి దగ్గర కూర్చోబెట్టి మొహం మీద నీళ్ళు కొట్టాను. నా చేతులు సబ్బు సగం అరిగేదాకా తోముకున్నాను, అయినా జిగట పోలేదు. కాసేపటికి వాడు కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. చిన్నపిల్లాడిలా నడుం చుట్టేసి ఏడ్చాడు.

"అక్కా... నాకేమైందక్కా?"

"ఏం కాలేదు నాన్నా. పోయింది. నేనున్నానుగా." నాకూ ఏడుపాగలేదు. వాడు బతికున్నాడు, నాకంతే చాలు. కంపు కొడుతున్నా వాడి తల గుండెకి అదుముకున్నాను.

"నోట్లో ఏదో అడ్డంగా ఉందక్కా. నొప్పి..."

డబ్బాలో దొరికిన పన్ను గుర్తొచ్చింది. "ఆ అను, చూద్దాం" అన్నాను. వాడు నోరు తెరిచాడు. ఎడం చేత్తో గడ్డం పట్టుకుని ట్యూబులైటు వైపు తిప్పి, కుడిచేతి వేలు లోపల పెట్టాను. నాలుకని కిందికి నొక్కి, చిగుళ్ళ వెంట మెల్లగా తడిమాను. ముందు పళ్ళు ఉన్నాయి. దవడ పళ్ళు ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు. అన్నీ వాడివే, తెల్లగా, గట్టిగా. అమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు వేలు ఇంకాస్త వెనక్కి పోయింది. అక్కడ ఇంకో వరస తగిలింది. అరిగిపోయిన పళ్ళు. పచ్చగా, ఎడంఎడంగా, ముసలాళ్ళకుండేలాంటివి.

"కంగారు పడకమ్మాయ్" అంది ఒక గొంతు. మెల్లగా, గుటక మింగుతూ.

వాడి నాలుక నా వేలి కింద కదల్లేదు. పెదాలు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి.

"వేలు తీసెయ్. పిల్లాడికి నేనున్నాగా."

చిన్నోడి కళ్ళు నా మొహంలోకే చూస్తున్నాయి. నీళ్ళు ధారగా కారుతున్నాయి. నా చేతిలో వాడి గడ్డం మెల్లగా కదిలింది... అటూ, ఇటూ. వేలు తియ్యొద్దన్నట్టు.