రసమితికి అందని ఎర్రమట్టి

ఆరు నిమిషాల పదకొండో సెకనులో హైమవతి చచ్చిపోయింది. ఆటలోనే లెండి, కంగారు పడకండి. ఎర్రమట్టి దిబ్బల మధ్య ఒక ఇనుప పీత వెనకనుంచి వచ్చి ఆవిడ పని పట్టింది. తెర ఎర్రబడింది, గదిలో లైట్లు వెలిగాయి. ఆవిడ మణికట్టుకున్న పట్టీ, నుదుటికి అంటించిన పలచని బిళ్ళ తీస్తూ టెక్నీషియన్ నసీమా అంకె చదివింది.

"ముప్పై ఒకటి మేడమ్."

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చూశాను. ముప్పై ఒకటే."

ఆ గదిలో అభిప్రాయం చెప్పే పని యంత్రానిది, మనిషిది కాదు.

ఆ యంత్రం సంగతి కాస్త చెప్పుకోవాలి. దాని పేరు రసమితి. అది వచ్చాక విశాఖపట్నంలో అంకె లేని వస్తువు లేకుండా పోయింది. బిర్యానీ సెంటర్ బోర్డు మీద అంకె, సినిమా హాలు గేటు మీద అంకె, పాటకచేరీ టికెట్టు మీద అంకె. కనిపెట్టినవాడు డాక్టర్ సర్వారాయుడు. ఆయన వాదన చాలా తేలిక. మనిషి మొహమాటానికి అబద్ధమాడతాడు. పెళ్ళిభోజనంలో సాంబారు చప్పగా ఏడ్చినా "అమోఘం బావగారూ" అంటాడు. నాడి అలా అనదు.

రసమితి మనిషి గుండె వేగం, చెమట, ఊపిరి, కంటిపాప కదలిక చూస్తుంది. ఉయ్యాల పైకి వెళ్ళి కిందికి దిగేటప్పుడు కడుపులో హాయిగా జల్లుమంటుంది కదా, ఆనందం కూడా అలాంటిదేనని డాక్టరుగారి సిద్ధాంతం. గుండె ఒకసారి పైకి లేచి, మళ్ళీ నెమ్మదిస్తే యంత్రం దాన్ని ఒక ఆనందం కింద లెక్కేసుకుంటుంది. ఆ దిగడానికి దిగుడని పేరు. ఎన్ని దిగుళ్ళు ఉంటే అంత పెద్ద అంకె. వందకి నలభై రాని ఆటని నెలరోజుల్లో దుకాణాల్లోంచి తీసేస్తారు. తయారుచేసినవాళ్ళు ఒక్కసారి మాత్రం మళ్ళీ పరీక్ష అడగొచ్చు.

రసమాన కేంద్రంలో ఆరుగురు పరీక్షకులుంటే అందరికన్నా పెద్ద హైమవతి. ఈ ఉద్యోగానికి ముందు పదకొండేళ్ళు ఒక అత్యవసర ఫోన్ల కేంద్రంలో పనిచేసింది. అవతల మనిషి ఇల్లు అంటుకుందని కేకలు పెడుతున్నా "మీ వీధి పేరు చెప్పండి" అని నింపాదిగా అడగ్గలిగిన మనిషి. ఊరికే అదరని నాడి కావాలి కాబట్టే డాక్టరుగారు ఆవిడని ఏరికోరి తెచ్చుకున్నారు. ఇంకో నియమం కూడా ఉంది. పరీక్షకులు ఆటలు తయారుచేసినవాళ్ళ మొహం చూడకూడదు. వాళ్ళు వెనక గేటునుంచి వస్తారు, వెనక గేటునుంచే పోతారు.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికెళ్ళే బస్సెక్కింది. మద్దిలపాలెం దాటాక చూసుకుంటే ఒళ్ళో సంచి మీద వేళ్ళు టకటకలాడుతున్నాయి. చెప్పుల్లో కాళ్ళు ఊరుకోవడం లేదు. ఎర్రమట్టి అన్న ఆ ఆటలో మూడు సెకన్లు ఒకచోట నిలబడితే ఇసక మింగేస్తుంది. దాక్కోవడానికి గోడల్లేవు. తూటాలు అయిపోతే పీతకి మూరెడు దూరంలోకి పరుగెత్తితేనే మళ్ళీ నిండుతాయి. అంటే భయపడి పారిపోయినవాడు చస్తాడు, భయపడుతూనే మీదికి వెళ్ళినవాడు బతుకుతాడు. ఆ చివరి దిబ్బ దగ్గర ఎడమకి కాకుండా కుడికి దూకి ఉంటేనా! హైమవతికి తనలో తనకే నవ్వొచ్చింది. పక్క సీటావిడ అనుమానంగా కొంచెం జరిగి కూర్చుంది. దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది.

ఇంత హుషారు ఆవిడకి కలిగి ఎన్నేళ్ళయిందో. దాని వెనకే గుబులు కూడా పుట్టింది. దీనికా నేను ముప్పై ఒకటి తెప్పించింది?

మర్నాడు పొద్దున్నే డాక్టరుగారి గదికి వెళ్ళింది.

"ఎర్రమట్టి అంకె తప్పండి."

సర్వారాయుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం తెచ్చుకునే మనిషి కాదు. "తప్పు యంత్రానిదా, మీదా?"

"ఇద్దరిదీ కాదండి, టైముది. మిగతా షూటర్ ఆటల్లో నాలుగు తూటాలు పేల్చి గోడచాటుకెళ్ళి ఊపిరి పీల్చుకుంటాం. మీ యంత్రానికి ఆ ఊపిరే కావాలి. ఇందులో చచ్చేదాకా ఊపిరి పీల్చుకోనివ్వడు. నాకు గుండె దిగింది బస్సులో. అప్పటికి మీ పట్టీ నసీమా సొరుగులో ఉంది."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "అంటే ఆడదగ్గ ఆటేనంటారు."

"ముమ్మాటికీ. కవరు బొమ్మ చూస్తే ఎవరూ ముట్టుకోరు. పేరు వింటే వ్యవసాయం ఆట అనుకుంటారు. కథా లేదు, కాకరకాయా లేదు. కానీ అందులో ఒక పరుగుంది చూశారూ, అది నేను ఇంకే ఆటలోనూ చూడలేదు. ఇరవై వేల ఆటల మధ్య ఇది అన్యాయంగా పోతోందండి."

"వాళ్ళు మళ్ళీ పరీక్ష అడిగారు. నియమం ప్రకారం మీరే ఆడాలి. ఈసారి ఆట అయ్యాక ఇంకో గంట పట్టీ తియ్యకుండా ఉంచుదాం. మీరన్నది నిజమైతే యంత్రమే చెబుతుంది," అన్నాడాయన. "గుర్తుంచుకోండి, ఇదే ఆఖరు. దీని తరవాత అప్పీలు లేదు."

ఆ ఆఖరు అన్న మాట పట్టుకుంది ఆవిడని. పరీక్షకి ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజుల్లో రెండుసార్లు పాలు పొంగబెట్టింది, ఒకసారి గొళ్ళెం వెయ్యకుండా ఆఫీసుకొచ్చేసింది. తన గుండె సరిగ్గా నడవకపోతే ఒక మంచి ఆట పోతుంది. ఉద్యోగంలో చేరాక గుండె గురించి బెంగపెట్టుకోవడం ఆవిడకి అదే మొదలు.

పరీక్ష రోజు మధ్యాహ్నం కాంటీన్‌లో ఒకతను కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఎదురుగా నాలుగు గిన్నెల కారియరు, మూత తియ్యకుండా ఉంది. టైము ఒకటిన్నర. మన దగ్గర మూత తియ్యని కారియరు ముందు కూర్చున్న మనిషిని చూసి పలకరించకుండా పోవడం ఎవరివల్లా కాదు. హైమవతి వల్లా కాలేదు.

"భోంచెయ్యలేదేం బాబూ?"

"సయించట్లేదండి. ఇయాల మా ఆటకి మళ్ళీ పరీక్ష." అతను కారియరు ఆవిడ వైపు జరిపాడు. "మా అమ్మ పులిహోర కట్టిందండి. మీరైనా తినండి, పాడైపోద్ది."

అప్పుడే లేచిపోవాల్సింది. వెనక గేటువాళ్ళు ముందువైపు కాంటీన్‌లోకి ఎలా వచ్చారో అడగాల్సింది. కానీ ఇంట్లో వండింది పెడుతుంటే వద్దనడం ఆవిడకి చేతకాదు. కూర్చుని రెండు ముద్దలు తింది, అతని మాటలు వింది.

అతని పేరు పైడిరాజు. విజయనగరంలో ఒక పిండిమిల్లు మీద గది తీసుకుని ముగ్గురు స్నేహితులు నాలుగేళ్ళు కూర్చుని ఎర్రమట్టి తయారుచేశారు. కింద మిల్లు ఆడుతుంటే బల్లలు ఊగిపోయేవట. చివరికి ఆ ఊపునే ఆటలో పెట్టేశారట.

"నలభై రాలేదనుకోండి, రేపే గది ఖాళీ చేసేస్తాం. ముగ్గురం మూడు దిక్కులు. మళ్ళీ కలవడమంటూ ఉండదండి." అతను నీళ్ళు తాగాడు. "మొదటిసారి పరీక్షించినావిడెవరో ముప్పై ఒకటి వేశారు. ఆవిడ తప్పేటి లేదులెండి. అర్థం కాలేదేమో పాపం."

హైమవతి తినడం ఆపేసింది. "వస్తుంది బాబూ," అని మాత్రం అని లేచింది.

రెండింటికి పరీక్ష మొదలైంది. ఈసారి ఆవిడ అధ్వాన్నంగా ఆడింది. నాలుగు నిమిషాలకే పీతల పాలబడింది. లైట్లు వెలిగాయి, పట్టీ మాత్రం చేతికే ఉంది. ఇంక గంటసేపు ఊరికే కూర్చోవాలి. అంకె నసీమా తెర మీద ఉంటుంది, పరీక్షకులకి కనబడదు.

కూర్చుంది. బస్సులో కలిగిన ఆ హుషారు కోసం ఎదురుచూసింది. అది రాలేదు. దాని బదులు పిండిమిల్లు, ఖాళీ చేస్తున్న గది, మూడు దిక్కులకీ పోతున్న ముగ్గురు మనుషులు కళ్ళముందుకొచ్చారు. గుండె దడదడమంది. భయపడకు, భయపడితే అంకె పడిపోతుందనుకుంది. పాత ఉద్యోగంలో నేర్చుకున్నట్టు ఊపిరి నెమ్మదిగా వదిలింది, గుండె దిగింది. హమ్మయ్య అనుకోగానే "ఆవిడ తప్పేటి లేదులెండి" అన్న మాట చెవిలో మోగింది. మళ్ళీ దడ. మళ్ళీ ఊపిరి వదిలింది, మళ్ళీ దిగింది. గోడగడియారం చూడకూడదనుకుని ప్రతి నిమిషమూ చూసింది. అరచేతుల్లో చెమట కారిపోతోంది. నా వల్లే పోతోంది, వాళ్ళ నాలుగేళ్ళూ నా చేతిలోనే పోతున్నాయి అని ఏడుపొచ్చింది. ఆ ఏడుపునీ ఊపిరి వదిలి అణుచుకుంది. గంటసేపు ఇదే వరస.

మూడు దాటాక నసీమా లేచి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. "డాక్టరుగారిని పిలుస్తాను మేడమ్," అంది.

"ఎంత? పోయిందా?"

"తొంభై నాలుగు."

రసమితి పుట్టినప్పట్నుంచి ఏ ఆటకీ ఎనభై దాటలేదు. సర్వారాయుడు వచ్చి గీత మొత్తం రెండుసార్లు చూశాడు. గుండె లేవడం, దిగడం, లేవడం, దిగడం. నలభై ఏడు దిగుళ్ళు.

"ఏం జరిగిందండీ?" అని అడిగాడు ఆవిడని.

పట్టీ ఇంకా చేతికే ఉంది. అది ఉండగా ఈయన ముందు అబద్ధమాడే ధైర్యం ఆవిడకి లేదు. కాంటీన్, కారియరు, పులిహోర, పిండిమిల్లు అన్నీ చెప్పేసింది. "అది ఆనందం కాదండి. భయం. వాళ్ళకేమైపోతుందోనన్న భయం. నేను అణుచుకుంటున్న ప్రతిసారీ మీ యంత్రం ఆనందమని రాసుకుంది." చెప్పాక కళ్ళు మూసుకుంది. పరీక్ష రద్దు, ఆట పోయినట్టే, తనే చేతులారా చంపేసింది అనుకుంది.

డాక్టరుగారు గీతని మూడోసారి చూశాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు. "ఆట లేకపోతే మీకు ఆ భయం ఎక్కడిది?"

"అదేమిటండీ?"

"పన్నెండేళ్ళుగా మేమంతా తెర కట్టి, గేట్లు కట్టి మనిషిని మనిషికి చూపించకుండా పరీక్షించాం. అందుకే అంకెలు ఇంత నీరసంగా ఉన్నాయన్నమాట. ఎవరు చేశారో తెలిస్తేనే గుండె పూర్తిగా కదులుతుంది." ఆయన కళ్ళల్లో మెరుపు కనిపించింది. "తొంభై నాలుగు ఖాయం చెయ్యండి నసీమా. నియమం మారుద్దాం."

వద్దండి, ఇది అన్యాయం, ఇందులో ఆట ఎంతో నా భయం ఎంతో విడదీయండి అని అనాలి. అంటే తొంభై నాలుగు పోతుంది, పైడిరాజు గది ఖాళీ చేస్తాడు. హైమవతి సంతకం పెట్టమన్నచోట పెట్టింది.

వారం తిరక్కుండా ఎర్రమట్టి ఊరంతా పాకింది. ఆ కవరు బొమ్మే గోడల మీద కనిపించింది. ఒకరోజు టీ తాగుతూ నసీమా అడిగింది.

"మా చెల్లెలు కొనమని ప్రాణం తీస్తోంది. అంకె సంగతి వదిలెయ్యండి మేడమ్, మీరు చెప్పండి. నిజంగా ఆడదగ్గదేనా?"

"ఆదివారం మళ్ళీ ఆడి చెబుతాను," అంది హైమవతి.

ఆదివారం మధ్యాహ్నం తలుపు వేసుకుని ఆడింది. అవే దిబ్బలు, అవే పీతలు, అదే ఊపు. మొదటి పీత రాగానే గుండె దడదడలాడింది. ఇది పరుగు వల్లా, వాళ్ళు గుర్తొచ్చి భయపడటం వల్లా? ఆపి, మొహం కడుక్కుని మళ్ళీ ఆడింది. మూడోసారీ ఆడింది. బస్సులో స్టాపు దాటించిన ఆ హుషారు కోసం ఒళ్ళంతా వెతుక్కుంది. ఉందో లేదో తెలియలేదు. ఊళ్ళో అందరికన్నా ముందు ఈ ఆట బాగుందని కనిపెట్టిన మనిషి తను, ఇప్పుడు తనకే తెలియడం లేదు. నసీమాకి ఏం చెప్పాలో తోచక నిజంగా ఏడ్చింది.

సోమవారం పది గంటలకి పరీక్ష గదిలోకి వెళ్ళేసరికి కొత్త కుర్చీ ఒకటి వేసి ఉంది. అందులో పలాసనుంచి వచ్చిన అరవై ఏళ్ళావిడ, ఒళ్ళో ప్లాస్టిక్ వైరు బుట్ట పెట్టుకుని కూర్చుంది. అద్దం అవతల డాక్టరుగారు కాగితాలతో సిద్ధంగా ఉన్నారు. నసీమా వంచిన తల ఎత్తకుండా పట్టీ కట్టింది.

"మా పిల్ల రెండేళ్ళు కళ్ళు పోగొట్టుకుని చేసిందమ్మా ఈ ఆట," అంది పలాస ఆవిడ. పట్టీ ఉన్న చెయ్యే పట్టుకుంది. "డాక్టర్లు చూపు రాదన్నారు. ఇక దాని బతుకంతా ఇదేనమ్మా. నీ కడుపున పుట్టినదనుకో."

హైమవతి ఊపిరి నెమ్మదిగా వదలడానికి ప్రయత్నించింది.

"మేడమ్," అంది నసీమా వెనకనుంచి చిన్న గొంతుతో. "ఆట ఇంకా మొదలుపెట్టలేదు. అప్పుడే అరవై రెండు."