కర్టెన్ వెనక ఏడో నంబర్

"పదకొండింటికి కమిటీ వస్తోంది. ఇప్పుడు పదిన్నర. ఏడో నంబర్ శాంపిల్‌ని ఎవరి శాంపిల్‌తో తారుమారు చేశారో చెప్పేయండి," అంది చిన్న డాక్టర్, ల్యాబ్ గుమ్మంలోనే నిలబడి.

బిల్డింగంతా బ్యాక్టీరియా బాబు అని పిలిచే ల్యాబ్ ఇన్‌చార్జి చేతిలోని డబ్బాని ఫ్రీజర్లో పెట్టి తలుపు మూశాడు.

ముప్పై మంది వాలంటీర్లు. చిన్న డాక్టర్ నాడి పట్టి వాళ్లది వాతమో, పిత్తమో, కఫమో రాస్తుంది. ఆమె ఏం రాసిందో చూడకుండా ఇతను వాళ్ల మలం శాంపిల్స్‌లోంచి పేగుల్లోని సూక్ష్మజీవుల లెక్క తీస్తాడు. రెండూ కలిస్తే, ఒంటి తత్వాన్ని బట్టి ఎవరి మందు వాళ్లకి ఇవ్వచ్చు. ఇరవై తొమ్మిది మందికి కలిశాయి. ఏడో నంబర్ దగ్గరే బండి ఆగిపోయింది. నాడి పిత్తమంటోంది, పేగులు కఫమంటున్నాయి.

"నా ఫ్రీజర్లో తారుమారయ్యే ప్రశ్నే లేదండీ. ఒక్కో డబ్బాకి మూడు లేబుళ్లు అంటిస్తాను."

"అంటే నా వేళ్లు అబద్ధమాడుతున్నాయా? ఆరు సోమవారాలు చూశాను. నాడి కప్పలా గెంతింది. అచ్చమైన పిత్తం. కఫమైతే హంసలా నడవాలి. కప్పకీ హంసకీ తేడా తెలీకుండానే డాక్టర్నయ్యానా?"

"మీ కప్ప సంగతేమో గానీ, నా క్రిములు మాత్రం నిజమే చెబుతాయి."

"మీకన్నా నయమన్నమాట."

అతను ఫ్రీజర్ మళ్లీ తెరిచి డబ్బాలు సర్దసాగాడు. నోరెత్తితే నిజం బయటపడుతుంది.

వాలంటీరెవరో డాక్టర్‌కి తెలియకూడదని మధ్యలో నీలం కర్టెన్ కట్టారు. దానికున్న కన్నంలోంచి చెయ్యి పెట్టాలి, మాట్లాడకూడదు. మొదటి సోమవారం రాకముందే ఏడో నంబర్ వాలంటీరైన లిఫ్ట్ మెకానిక్ వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. కుర్చీ ఖాళీ. రెండేళ్లుగా "రిపోర్టు రెడీ అండీ" తప్ప ఆమెతో మరో ముక్క మాట్లాడలేకపోయిన మన బాబు, ఎవరూ చూడకుండా వెళ్లి అందులో కూర్చున్నాడు. ఏడో నంబర్ డబ్బాలో శాంపిలూ తనదే పెట్టాడు. సోమవారానికి రెండు నిమిషాలు ఆమె చెయ్యి పట్టుకుంటుంది. ఆ రెండు నిమిషాల కోసం వారమంతా ఆమె ఏడో నంబర్‌కి రాసిచ్చిన పిత్తం వాళ్ల తిండి, చల్లారిన చప్పిడి గంజి, కీర ముక్కలు తిన్నాడు. నాలుగు కిలోలు తగ్గాడు. ఒక్కరోజూ సణగలేదు.

కమిటీ పెద్ద ఆమెకి నాడి చూడటం నేర్పిన తాతగారే. ఆయన ముందే తేల్చేశాడు. తప్పు ల్యాబ్‌దైతే ల్యాబ్‌కి తాళం. నాడిదైతే మనవరాలు ఇక జన్మలో ఎవరి నాడీ పట్టకూడదు.

పదకొండింటికి పెద్దాయన వచ్చి నేరుగా కర్టెన్ ముందు కూర్చున్నాడు. "ఏడో నంబర్ని పిలవండి. నేను చూస్తాను."

ఫ్రీజర్ చూసొస్తానని బాబు పక్క గదిలోంచి చుట్టూ తిరిగెళ్లి, కన్నంలోంచి చెయ్యి పెట్టాడు.

"హంస," అన్నాడు పెద్దాయన. "నిద్రపోతున్న హంస. కఫం."

"ఏదీ, నన్ను చూడనీ," అని చిన్న డాక్టర్ పట్టుకుంది. "కప్ప, తాతయ్యా."

"ఇటివ్వు. హంస."

"కప్ప."

నాలుగుసార్లు చెయ్యి మారింది. కమిటీలో మిగతా ఇద్దరూ తలలు అటూ ఇటూ తిప్పీ తిప్పీ మెడలు రుద్దుకున్నారు. ఒకాయన కాగితం మీద 'కప్ప' కొట్టేసి 'హంస' రాసి, మళ్లీ కొట్టేసి, పెన్నుకి మూత పెట్టేశాడు.

"ఒకే మనిషి, ఒకే చెయ్యి," అన్నాడు పెద్దాయన బరువుగా. "ఇన్నేళ్లు నేర్పింది బూడిదలో పోసినట్టేనా అమ్మా?"

మణికట్టు మీద ఆమె వేళ్లు వణికాయి. ఆ వణుకు బాబుకి తెలిసింది. ఇక ఉండబట్టలేకపోయాడు.

"తప్పు ల్యాబ్‌దేనండీ," అంది కర్టెన్. "శాంపిల్ నేనే మార్చేశాను. తాళం వేసేయండి."

చిన్న డాక్టర్ ఒక చేత్తో కర్టెన్ లాగేసింది. రెండో చెయ్యి మణికట్టు వదల్లేదు.

"మీరా? ఆరు వారాలూ మీరేనా?"

"కీర ముక్కలు కూడా తిన్నానండీ."

"నేను పట్టుకోగానే గెంతేదా?"

"సోమవారాలైతే అంతకుముందేనండీ. వరండాలో మీ చెప్పుల చప్పుడు వినగానే."

 ఈలోగా పెద్దాయన ఆమె ఖాళీ చెయ్యి అందుకుని నాడి పట్టి కళ్లు మూసుకున్నాడు. 

"పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను. నీదీ హంస నాడేగా," అన్నాడు చివరికి. "ఇదేంటే, ఇక్కడా కప్పే?"

ఆమె తల దించుకుంది. ఏ చెయ్యీ వెనక్కి తీసుకోలేదు.

పెద్దాయన ఫారం ముందుకు లాక్కున్నాడు. "శాంపిల్ మారలేదు. నీ వేళ్లూ తప్పు చెప్పలేదు. కానీ 'తప్పుకి కారణం' అన్న గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు. ఈ అబ్బాయి నాడిని ఆరు వారాలుగా పాడుచేస్తోంది ఎవరు?"

నేరం మళ్లీ నెత్తినేసుకుందామని బాబు నోరు తెరిచాడు. ఆమె అతని మణికట్టు గట్టిగా నొక్కింది.

"నేనే తాతయ్యా. రాసుకో."