పొద్దున పడగొట్టిన కుప్ప

మా కొండ మీద చెట్లు పెరిగే ఎత్తు దాటాక దారి కనపడదు. అంతా రాళ్లే. నడిచేవాళ్లకి దారి చెప్పేవి మేం పేర్చిన రాళ్ల కుప్పలు. సరదాకి వచ్చినవాళ్లు తామూ నాలుగు రాళ్లు పేర్చి, ఫొటో తీసుకుని పోతారు. వెనకొచ్చేవాళ్లు ఆ కుప్పని నమ్మి లోయ అంచుకి పోతారు. అలాంటి దొంగ కుప్పల్ని పడగొట్టడం నెవాడాలోని ఈ పార్కులో నా ఉద్యోగం. ఆ వేసవిలో తమ్ముడు క్లైడ్‌ని కూడా నేనే చేర్పించాను, ఇంట్లో ఊరికే కూర్చుని అమ్మ బుర్ర తింటున్నాడని.

ఆ రోజు పొద్దున ఉత్తరపు అంచువైపు పోయే దొంగ కుప్పలన్నీ తోసేశాం. మధ్యాహ్నం ఒక బండ మీద కూర్చుని బరిటోలు తింటున్నాం. ఎండ హాయిగా ఉంది. కిందనుంచి సేజ్ పొదల వాసన వస్తోంది.

"దీనికి జీతం ఇస్తున్నారంటే నవ్వొస్తోందక్కా. చిన్నప్పుడు నువ్వు కట్టినవి పడగొడితే తన్నేదానివి."

"ఇప్పుడూ తంతాను. నీళ్లు తాగు."

అంతలో మేఘం దిగింది. ఈ ఎత్తులో అది మామూలే. దిగితే కూర్చున్నచోటే కూర్చోవాలి. ఆ మాట వాడికి ఎన్నిసార్లు చెప్పానో.

"అక్కా, అటు చూడు. ఒకటి వదిలేశాం."

మసకలో ఒక కుప్ప నిలబడి ఉంది. దాన్ని పొద్దున నేనే గునపంతో పడగొట్టాను.

"కూర్చోరా."

"నాలుగడుగులే కదా. ఎవడైనా దాన్ని నమ్మి పోతే?" అంటూనే లేచాడు.

తెల్లదనంలో వాడి ఎర్ర జాకెట్ కలిసిపోయింది. రాళ్లు దొర్లిన చప్పుడు వినపడలేదు. పిలిచాను. ఈల వేశాను. జవాబు లేదు. వాడికి చెప్పిన మాట నేనే తప్పి లేచాను.

కుప్ప మీద చెయ్యి వేశాను. రాళ్లు కదల్లేదు. రాళ్లకి నాచులా పట్టే పసుపుపచ్చ రాతిపువ్వు ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి పాకి, అన్నింటినీ అతికించేసింది. మా కొండ మీద రాతిపువ్వు గోరంత పెరిగేలోపు ఒక మనిషి పుట్టి ముసలివాడవుతాడు. పొద్దున నా గునపం గీసిన తెల్ల గీత పై రాతి మీద ఇంకా ఉంది. ఆ గీత మీదుగా కూడా పాకింది.

ముందు ఇంకో కుప్ప. దాని ముందు ఇంకోటి. ఏడుస్తూనే నడిచాను. తడి రాళ్ల వాసన... దాని అడుగున, ఏళ్ల తరబడి మూసేసిన గది వాసన.

"క్లైడ్..."

"ఇటు రా అక్కా." ముందున్న కుప్ప వెనకనుంచి... గుసగుసగా.

అడుగు వేయబోయాను. కాలికి తగిలి ఒక రాయి ముందుకు దొర్లింది. దొర్లి... చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి, ఎక్కడో బాగా కింద, టక్కుమంది.

నా ముందు నేల లేదు. కుప్ప మాత్రం ఉంది.

కూలబడి కళ్లు మూసుకున్నాను. "ఇటు రా అక్కా..." మళ్లీ. మళ్లీ. ఓపిగ్గా. అది నిజంగా మా తమ్ముడే అయితే ఎలా అన్న ఆలోచన నన్ను తినేసింది. అయినా వెళ్లలేదు.

కాసేపటికి మేఘం లేచింది. ఎదురుగా వట్టి లోయ. కుప్పలేమీ లేవు. వెనక్కి తిరిగితే, మేం తిండి తిన్న బండ మీద క్లైడ్ కూర్చుని ఉన్నాడు.

పరుగెత్తి కావలించుకున్నాను. ఒళ్లు చల్లగా ఉంది. నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు నా ముఖంలోకి వింతగా చూశాడు.

"నీకేం వయసు మీద పడలేదే," అన్నాడు మెల్లగా.

"ఏం వాగుతున్నావురా? పద కిందికి."

చెయ్యి పట్టుకుని లేపబోయాను. రాలేదు. మొండికేస్తున్నాడనుకుని కిందికి చూశాను. బండ మీంచి రాతిపువ్వు వాడి అరచేతి అంచు ఎక్కి, వేళ్ల మధ్యకి పాకి ఉంది.

"మెల్లగా లాగక్కా," అన్నాడు. "కిందటిసారి నువ్వొచ్చి లాగినప్పుడు చాలా నొప్పెట్టింది."