తలా పావు వైఫై

"ఇంద్రజా! గీ వైఫైకి ఏమైందే? నా వీడియో పోతలేదు!"

కింది పోర్షన్‌లో ఉండే ప్రీతి అక్క మెట్లెక్కి పరుగున వచ్చింది. టీచర్ ఉద్యోగం కోసం తాను పాఠం చెప్పిన వీడియోను పన్నెండులోపు స్కూలుకు పంపాలి. ఇంకో గంట పడుతుందని ఫోన్ చూపిస్తోంది. టైము అప్పటికే పదకొండున్నర.

ఆరో తరగతి ఇంద్రజ ఏమాత్రం తొణకలేదు. యాకుత్‌పురాలోని ఆ ఇంట్లో నాలుగు పోర్షన్లకూ కలిపి ఒకటే వైఫై. స్పీడు కోసం రోజూ లొల్లే. అందుకే నిన్న రౌటర్ యాప్‌లో తలా పావు పంచేసింది. ఎవరినీ అడగలేదు. లెక్క సరిగ్గా ఉన్నప్పుడు అడగడమెందుకు?

"అందరికీ సమానమే అక్కా. నీ పావు నీకొస్తుంది."

"మురళి అన్నోళ్లు పొద్దుగాలనే తాళమేసి పోయిన్రు గదా! వాళ్ల పావు ఎవరు వాడుతున్నరు?"

ఇంద్రజ గబుక్కున ఫోన్ అందుకుంది. యాప్‌లో చూస్తే నిజమే. మురళి వాళ్ల వాటా ఖాళీగా పడి ఉంది. తమ ఇంటిదీ ఖాళీయే. ఇక్కడేమో అక్క ఉద్యోగం చేజారేలా ఉంది. అక్క కళ్లలో నీళ్లు చూసిన ఇంద్రజ ఇక ఆగలేదు. గబగబా స్పీడు మొత్తం అక్క ఫోన్‌కే ఇచ్చేసింది.

వీడియో చకచకా వెళ్లసాగింది. అంతలోనే పై పోర్షన్ నుంచి ఆగమ్మ అవ్వ కేక వినబడింది.

"ఎవలే నెట్టు బంద్ జేసింది? నా మనుమరాలు మాట్లాడుతుండంగనే ఆగిపాయె!"

ఇంద్రజ నాలుక కరుచుకుంది. అవ్వకు కావాల్సింది ఎంతని? మాటలకు సరిపడా ఇస్తే చాలు. అంత అవ్వకు ఉంచి, మిగిలినదంతా అక్కకు పెట్టింది.

పన్నెండుకు నాలుగు నిమిషాలుందనగా వీడియో చేరింది. ప్రీతి అక్క ఆనందం పట్టలేక ఇంద్రజను ఎత్తుకుని గిరగిరా తిప్పింది.

ఆ సాయంత్రం ఇంద్రజ నోట్‌బుక్ పట్టుకుని ఇంటింటి తలుపూ తట్టింది. మొదట పైకే వెళ్లింది.

"అవ్వా, నీకు నెట్టు ఎప్పుడెప్పుడు గావాలె? నువ్వు వాడనప్పుడు వేరేటోళ్లకు ఇయ్యొచ్చా?"

"ఇయ్యి బిడ్డా, నాకు జరంత చాలు. గని ఆ జరంత మాత్రం గుంజుకోకు."

ఇంద్రజ అక్కడే మెట్టు మీద కూర్చుని మొదటి పేరు రాసుకుంది. 'ఆగమ్మ అవ్వ: జరంత. ఎప్పుడూ ఆపొద్దు.'