చెయ్యెత్తిన ఆడమనిషి

ఈ అరబ్బు దేశంలో, ఆదమ్ ఊరు దాటి హైమా వైపు పోయే ఎడారి రోడ్డు మీద మూతబడిన పెట్రోల్ బంకు ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడ ఆగొద్దంటారు ట్రైలర్ డ్రైవర్లు. తల నిండా గుడ్డ కప్పుకున్న ఒకామె రోడ్డు అంచున నిలబడి చెయ్యెత్తుతుందట... ఆపావో, బతికి బట్టకట్టవట. ఆపి చూసినవాడెవడో మాత్రం ఎవ్వరూ చెప్పరు.

మగవాడు రోడ్డు పక్కన నిలబడితే లిఫ్టు కోసం. ఆడది నిలబడితే దెయ్యం! ఈ తీర్పు ఇచ్చినవాడు దొరికితే నేను వాడితో రెండు మాటలు మాట్లాడాలి. సరే, అది పక్కన పెట్టండి. మేముండే అల్ హైల్‌లో, మా కింది వాటాలో ఉండే రజిత చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

రజిత మొగుడు లింబాద్రి మెకానిక్కు. వాళ్ళ అర్బాబ్, అదే యజమాని, పాత క్యారవాన్ ఒకటి కొన్నాడు. మంచాలు, పొయ్యి, పాయిఖానా అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. "బాగు చేసినోడివి నువ్వే, సలాలా దాకా తిప్పి చూడు, పది రోజులు నీదే" అన్నాడు. విజిట్ వీసా మీద వచ్చిన తల్లి దేవవ్వనూ పెళ్ళాన్నీ ఎక్కించుకుని, లింబాద్రి మధ్యాహ్నం డ్యూటీ దిగగానే బయల్దేరాడు.

మొదటి రోజే పేచీ. దేవవ్వ లోపలి పాయిఖానా చూసి ముక్కు మూసుకుంది.

"థూ! పొయ్యి పక్కన దొడ్డికి కూసుంటరారా ఎవలన్న?"

"తలుపుంది గదవ్వా."

"నీ తలుపు పాడుగాను. నేను బయటికే పోత."

పొద్దు గూకింది. సరిగ్గా ఆ బంకు దగ్గరే లింబాద్రి టైర్లు చూడ్డానికి ఆపాడు. రజిత ముందు సీట్లో కునుకు తీస్తోంది. దేవవ్వ నీళ్ళ సీసా పట్టుకుని, వెనక తలుపు తీసుకుని, చప్పుడు కాకుండా దిగిపోయింది. లింబాద్రి టైర్లను నాలుగు తన్నులు తన్ని, ఎక్కి, వెళ్ళిపోయాడు. అవ్వ వెనక మంచం మీద, తెర చాటున పడుకుందనుకున్నాడట! ఇల్లంతా ఈడ్చుకుపోయే మగవాడికి ఆ ఇంట్లో ఎవరున్నారో చూసే తీరిక ఉండదు మరి.

నలభై కిలోమీటర్లు పోయాక రజిత తెర తీసింది. దుప్పటి ఉంది. దేవవ్వ ఫోనుంది. దేవవ్వ లేదు...

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. షుగరు. ముక్క అరబ్బీ రాదు. చుట్టూ ఎడారి. పైగా — ఆ బంకు!

లింబాద్రి బండి తిప్పాడు. బంకు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా — లైట్ల వెలుతురులో — రోడ్డు అంచున — ఒక ఆడమనిషి.

తల నిండా గుడ్డ. చెయ్యెత్తి ఉంది.

"అత్తమ్మ! ఆపయ్యా!"

లింబాద్రి ఆపలేదు. ఇంకా తొక్కాడు.

"అది అవ్వ కాదే..." గొంతు గుసగుసగా వచ్చింది. "అవ్వకు బండి మెట్టు ఎక్కుడే చాతగాదు. ఇంత దూరం ఎట్ల నడుస్తది?"

"అత్తమ్మనే అయితే?"

"దెయ్యమైతే?"

"దెయ్యమైతే ఒక్కసారే సంపుతది. అత్తమ్మ అయితే రోజూ సంపుతది!"

అయినా ఆపలేదు, మహావీరుడు. బంకు వచ్చింది. అక్కడ... సిమెంటు దిమ్మె మీద దేవవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

లింబాద్రి అద్దం వేలెడంత దించాడు. తలుపు మాత్రం తియ్యలేదు.

"నువ్వు మా అవ్వవే అయితే... మా నాయిన పేరు చెప్పు."

"మొగని పేరు నా నోట ఎన్నడన్న విన్నవారా, గాడ్ది కొడకా?"

లింబాద్రికి ప్రాణం లేచొచ్చింది. దెయ్యమైతే టక్కున చెప్పేసేది! ఒక్క దూకు దూకి తల్లి కాళ్ళ మీద పడ్డాడు.

"తప్పయిందవ్వా. నీ కోసమే ఉరికొస్తున్న. తొవ్వల ఒకామె చెయ్యెత్తింది... జడుసుకుని ఆగకుంట వచ్చిన."

దేవవ్వ మొహం మాడిపోయింది.

"ఆపలేదా?"

"ఆపలే."

"ఆమెను నేనే పంపిన గదరా! జర ముందటికి పోయి, నా కొడుకు వస్తడు, బండి ఆపు అని."

రజిత బండి దిగి దగ్గరికి వచ్చింది. "ఎవలత్తమ్మా... ఆమె?"

"ఏమో. ఈడనే ఉంటదట. మీరు ఇడిసిపెట్టి పోతే గంట సేపు ఆమెనే నాకు తోడు. ఏం భాషనో గని, నాకైతే సమజైంది. ఇన్నేండ్లల్ల ఆమె చెయ్యెత్తితే ఒక్క బండి ఆగలేదట. నా కొడుకు అసువంటోడు కాదు, ఆపుతడు అని ఒట్టు పెట్టి పంపిన. ఇజ్జత్ తీస్తివి గదరా!"

రజిత ముందు ఎక్కి చెయ్యందిస్తే, దేవవ్వ మూలుగుతూ ఎక్కింది. ఇనుప మెట్టు కిర్రుమని కుంగి, మళ్ళీ పైకి లేచింది. దేవవ్వ సీటు మీద ఒక పక్కకు జరిగి కూర్చుని, బయటి చీకట్లోకి కేకేసింది.

"రా బిడ్డా, ఎక్కు. వీడు మంచోడే... జర పిరికోడు."

లింబాద్రి తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. బయట ఎవరూ లేరు. ఇసుక కదల్లేదు. గాలి లేదు.

మెట్టు — కిర్రుమంది. కుంగింది.