కింద పొరలో తాళంచెవి

"నీ బావమరిది ప్రాణం ఒక ఫైల్లో ఉంది. దాన్ని మేం డిలీట్ చేశాం. అయినా ఉంది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ 'దుప్పటి' కుర్చీలో కూలబడ్డాడు. ఎంత రహస్యాన్నైనా కప్పెట్టగలడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. ఈమధ్య అతనికి దుప్పటి కప్పుకుని పడుకోవడం తప్ప మరో కోరిక లేదు.

పక్కనున్న ఇంజనీరమ్మ నిట్టూర్చింది. "విదేశీ ముఠాకి అంటగట్టిన నకిలీ సాఫ్ట్‌వేర్ కంటైనర్ గుర్తుందా? ప్రోగ్రామునీ దానికి కావలసినవన్నిటినీ కలిపి కట్టిన డబ్బా అది. అందులో ఫైళ్లు పొరలుగా ఉంటాయి. మార్పులన్నీ పైపొరలోనే. కింద ఫైల్ని డిలీట్ చేస్తే పైపొరలో 'ఇది లేదు' అని ఒక చీటీ పడుతుంది, అంతే. ఫైల్ కిందే ఉంటుంది. టెస్టింగ్‌కని మీ బావమరిది మెసేజ్‌లు విప్పే కీ అందులో పెట్టారు. తర్వాత తీసేశామన్నారు. మొదట్నుంచి కట్టండని మొత్తుకున్నాను."

"కింద పొరలు అన్ని కంటైనర్లకీ ఉమ్మడి. కదిపితే అన్నీ మళ్లీ కట్టాలి. టైమూ డిస్కూ దండగనుకున్నాం," అని చీఫ్ గోడ వైపు చూశాడు.

"పిల్లి మీద దుప్పటి కప్పి, ఇంట్లో పిల్లి లేదన్నారన్నమాట," అన్నాడు దుప్పటి.

ముఠా ఆ పొరల్ని విడదీస్తోంది. కీ దొరికితే, వాళ్ల ఆఫీసులోనే గుమాస్తాగా నటిస్తున్న బావమరిది బయటపడతాడు. డిపార్ట్‌మెంట్ వాళ్లు అతణ్ణి కారులో సరిహద్దు దాటిస్తున్నారు. అందాకా వాళ్లను ఆపాలి.

దుప్పటి ఏసీ మెకానిక్ వేషంలో ముఠా సర్వర్ రూమ్‌కి వెళ్లాడు. స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా ఉంది. బ్యాటరీ ఎప్పటిలాగే అయిపోయింది.

తలుపు తీసింది 'అత్తరు'. రెండు వైపులా జీతం తీసుకునే అందగత్తె. ఆమె కంటే ముందు ఆమె సువాసన వస్తుంది.

"లోపల ఉక్కగా ఉందా?" అన్నాడు కోడ్ ప్రకారం.

"ఉక్క మాకలవాటే," అందామె, పక్కకు తప్పుకుంటూ.

కంటైనర్ నడుస్తున్న కంప్యూటర్ ముందు కూర్చుని గబగబా ఒక లైన్ కొట్టాడు. మెడకు చల్లగా పిస్తోలు తగిలింది.

"ఈ నెల వాళ్లే ఎక్కువిస్తామన్నారు," అంది అత్తరు. "పొరలు విప్పేది నేనే. పక్క స్క్రీన్ చూడు, కింద పొర కాపీ అయిపోవచ్చింది. నువ్వున్నది కంటైనర్ లోపల. కింద పొర నీకు కనబడదు, చెరపలేవు."

"తెలుసు."

సైకిల్ నేర్పమని వెంటపడే రోజుల నుంచి ఎరుగును ఆ బావమరిదిని. దుప్పటికి భయం వేసింది. ఉద్యోగంలో చాలా కాలానికి నిజంగా భయం వేసింది.

పక్క స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత చివరికంటా పాకింది. అంచులో ఆగింది. 'డిస్క్ నిండింది' అని ఎర్రగా వెలిగింది.

"ఏం చేశావు?"

"కంటైనర్ కింద పొరలో కొండంత ట్రైనింగ్ వీడియో ఉంది. చివర ఒక అక్షరం చేర్చాను. కింద పొరలోది మార్చాలంటే ముందు ఫైలంతా పైకి కాపీ చేసుకుంటుంది. ఒక్క అక్షరానికైనా సరే. నీ కాపీ, నా కాపీ ఒకే డిస్కు మీద. ఈ దండగమారి పద్ధతిని మా ఇంజనీరమ్మ రోజూ తిడుతుంది."

అత్తరు చోటు ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టేలోగా అతని ఫోన్ వణికింది. 'బండి దాటింది.'

ఆమె చదివి, పిస్తోలు బ్యాగులో పెట్టుకుంది. "ఇక నిన్ను కాల్చి ఏం లాభం. నా జీతం ఆలస్యమవుతోందని మీ చీఫ్‌కి చెప్పు."

మర్నాడు చీఫ్ చాలా సంతోషించాడు. కంటైనర్లన్నీ మళ్లీ కట్టిద్దామా అని ఇంజనీరమ్మ అడిగితే, ప్రస్తుతానికి పైన ఇంకో పొర వేయమన్నాడు.

దుప్పటి ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"తమ్ముడు ఫోన్ చేశాడు. ఉద్యోగం మానేశాట్ట. మీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు? రెండ్రోజులుగా ఏసీలు బాగుచేస్తూ చచ్చాను."

ఆమె అతని చేతులు తిప్పి చూసింది. ఎక్కడా మసి లేదు. కళ్లు తుడుచుకుంది.

"వాణ్ణి తెచ్చారు, అది చాలు. లోపలికి రండి. ముందు ఆ చొక్కా విప్పండి, అత్తరు కంపు కొడుతోంది. దాని సంగతి తర్వాత మాట్లాడదాం."